అనుమానంతో దొరికిన గ్రహాలు

మన తర్కశాస్త్రంలో ఒక పాత ఉదాహరణ ఉంది. దూరంగా కొండ మీద పొగ లేస్తోంది. నిప్పు మాత్రం కనబడడం లేదు. అయినా కొండ మీద నిప్పు ఉందని ధైర్యంగా చెబుతాం. ఎందుకంటే వంటింట్లో పొగ వచ్చినప్పుడల్లా అక్కడ నిప్పు ఉండడం మనకు తెలుసు. కంటితో చూసి తెలుసుకునేదాన్ని తార్కికులు ప్రత్యక్షం అన్నారు. ఇలా గుర్తును పట్టుకుని తెలుసుకునేదాన్ని అనుమానం అన్నారు. మన ఇళ్లలో మాట్లాడుకునే తెలుగులో అనుమానం అంటే సందేహం. ఈసారి మన శీర్షికలో చెప్పుకోబోయే సంగతికి ఈ రెండర్థాలూ కావాలి.

సంగతి ఏమిటంటే, ఇతర నక్షత్రాల చుట్టూ తిరిగే గ్రహాలు. మన సూర్యుడి చుట్టూ భూమి, గురుడు, శని తిరుగుతున్నట్టే ఆకాశంలోని తక్కిన నక్షత్రాలకూ గ్రహాలు ఉన్నాయా అన్న ప్రశ్న చాలా పాతది. 1990 నాటికి అలాంటి గ్రహం ఇదిగో అని అందరూ ఒప్పుకున్నది ఒక్కటి కూడా లేదు. 2025 సెప్టెంబరులో వాటి లెక్క 6,000 దాటింది. ఈ అంకె వినగానే ఇంట్లో చిన్నపిల్లలు వెంటనే అడిగే ప్రశ్న ఒకటుంది: "అవన్నీ ఎవరు చూశారు?" మంచి ప్రశ్న. నిజం చెప్పాలంటే, ఆ ఆరు వేలలో టెలిస్కోపులో చిన్న చుక్కగానైనా కనిపించినవి నూటికి రెండైనా లేవు. తక్కినవన్నీ పొగను చూసి నిప్పు ఉందని చెప్పినవే.

ఎందుకు కనబడవు? గ్రహానికి సొంత వెలుగు లేదు. తన నక్షత్రం వెలుగే దాని మీద పడి కాస్త తిరిగి వస్తుంది. దూరం నుంచి చూసేవారికి మన సూర్యుడు భూమి కంటే దాదాపు 1,000 కోట్ల రెట్లు కాంతిమంతంగా ఉంటాడు. పైగా మనకు అతి దగ్గరి నక్షత్రం కూడా 40 లక్షల కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉంది. రేవులో లైట్‌హౌస్ దీపం వెలుగుతుంటే, దాని అద్దానికి అంటుకుని ఉన్న మిణుగురు పురుగును పక్క ఊరి నుంచి చూడబోయినట్టే.

కనుక ఖగోళ శాస్త్రజ్ఞులు గ్రహాన్ని వదిలేసి నక్షత్రాన్నే చూడడం మొదలుపెట్టారు. పొగ ఎటు నుంచి లేస్తోందో కనిపెట్టడానికి.

ఒప్పులకుప్ప

ఏ ఊళ్లో స్థిరపడ్డ తెలుగువారైనా ఒప్పులకుప్ప ఆట మరిచిపోయి ఉండరు. ఇద్దరు ఆడపిల్లలు చేతులు పట్టుకుని, కాళ్లు దగ్గరగా ఉంచి, వెనక్కి వాలి గిరగిర తిరుగుతారు. ఇద్దరూ సమానమైన బరువు గలవారైతే సరిగ్గా మధ్యలో ఉన్న బిందువు చుట్టూ తిరుగుతారు. అదే ఒక తల్లి, అయిదేళ్ల కూతురు కలిసి తిరిగితే? కూతురు పెద్ద వలయంలో తిరుగుతుంది. తల్లి కూడా నిలకడగా ఉండదు. చిన్న వలయంలో తనూ తిరుగుతుంది.

ఇప్పుడు చీకటి పడిందనుకోండి. తల్లి తెల్లచీర కట్టుకుంది, పాప నల్లగౌను వేసుకుంది. దూరం నుంచి చూసేవారికి పాప కనబడదు. తెల్లచీర మాత్రం అటూ ఇటూ ఊగుతూ కనబడుతుంది. ఆ ఊపును బట్టి అక్కడ ఇంకొకరు ఉన్నారని, వారు ఎంత బరువున్నారో, ఎంతసేపటికి ఒక చుట్టు తిరుగుతున్నారో కూడా చెప్పవచ్చు.

నక్షత్రం, గ్రహం కథ అచ్చంగా ఇదే. గురుగ్రహం 12 ఏళ్లకు ఒకసారి సూర్యుణ్ణి చుట్టి వస్తూ సూర్యుణ్ణి కూడా తిప్పుతుంది. ఆ తిరుగుడు వేగం సెకనుకు పన్నెండున్నర మీటర్లు, అంటే టౌన్ బస్సు వేగం. మన భూమి సూర్యుణ్ణి కదిలించేది సెకనుకు 9 సెంటీమీటర్లే. పాకే పసిపిల్ల ఇంతకంటే జోరుగా పోతుంది.

ఈ ఊపును పట్టుకోవడానికి మూడు దారులున్నాయి. నక్షత్రం ఆకాశంలో పక్కకు జరగడాన్ని కొలవడం మొదటిది. అది మన దగ్గరకు వస్తూ, దూరమవుతూ ఉండడాన్ని కొలవడం రెండోది. నక్షత్రమే గడియారంలా టిక్కుటిక్కుమంటుంటే ఆ టిక్కుల్లో తేడా పట్టుకోవడం మూడోది.

మద్రాసులో మొదలైన కథ

మొదటి దారిలో మొదటి అడుగులు పడింది ఎక్కడో కాదు, మద్రాసులోనే. నుంగంబాకంలో ఈస్టిండియా కంపెనీ వారు 1792లో కట్టించిన వేధశాల ఉండేది. దాని పరికరాన్ని నిలిపిన పెద్ద రాతిస్తంభం ఇప్పటికీ అక్కడి వాతావరణ కేంద్రం ఆవరణలో ఉంది. వెయ్యేళ్ల తరవాతి వారికి కూడా తెలియాలని ఆ వేధశాల పుట్టుక సంగతిని దాని మీద చెక్కించారు. ఆ భాషల్లో తమిళంతో పాటు మన తెలుగు కూడా ఉంది. తరవాతి రోజుల్లో ఆ వేధశాల పని కొడైకెనాల్‌కు మారింది. బెంగుళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆస్ట్రోఫిజిక్స్ దాని వారసురాలే.

ఆ మద్రాసు వేధశాలకు అధిపతిగా ఉన్న కెప్టెన్ విలియం స్టీఫెన్ జేకబ్ 1855లో ఒక వ్యాసం ప్రకటించాడు. 70 ఓఫియూకై అనే జంట నక్షత్రాలు ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతున్నాయి. ఆ జంట లెక్క ప్రకారం నడవవలసిన దారి నుంచి కాస్త తప్పుతోందనీ, కనబడని గ్రహం ఏదో లాగుతూ ఉండడం చాలావరకు సంభవమేననీ ఆయన రాశాడు. వేరే నక్షత్రానికి గ్రహం ఉందని కొలతలు చూపించి చెప్పిన తొలి ప్రయత్నాల్లో ఇది ఒకటి.

కాని ఆ గ్రహం నిలవలేదు. 1890లలో అమెరికాలో టి.జె.జె. సీ అనే ఆయన అదే జంటకు కనబడని తోడు ఉందని మళ్లీ వాదించాడు. 1899లో ఫారెస్ట్ మౌల్టన్ లెక్క కట్టి, ఆయన చెప్పిన తీరులో మూడో వస్తువు ఉంటే ఆ కూటమి నిలకడగా ఉండదని చూపించాడు. తరవాత జరిగిన నిశితమైన కొలతల్లోనూ జేకబ్ చెప్పిన గ్రహం జాడ లేదు. ఆనాటి పరికరాలతో అంత చిన్న కోణాలను కొలవడంలో దొర్లే తేడాలే గ్రహంలా కనబడ్డాయి. తార్కికులు దీనికి కూడా పేరు పెట్టారు. కొండ మీద కమ్మిన మంచును పొగ అనుకుంటే, నిప్పు ఉందన్న నిర్ణయం తప్పుతుంది.

ఇలాంటిదే ఇంకొకటి. అమెరికాలో పీటర్ వాన్ డి కాంప్ అనే శాస్త్రజ్ఞుడు బర్నార్డ్ నక్షత్రానికి ఏళ్ల తరబడి ఫొటోలు తీసి, దానికి గురుడంతటి గ్రహం ఉందని 1963లో ప్రకటించాడు. పాఠ్యపుస్తకాల్లోకి కూడా ఎక్కింది. 1973లో మరో వేధశాల ఫొటోలను కొలిచి చూస్తే ఊపు లేదు. ఆయన టెలిస్కోపుతో తీసిన ఇతర నక్షత్రాల ఫొటోలు చూస్తే అవి కూడా ఒకేసారి జరిగినట్టు కనిపించాయి. జరిగింది నక్షత్రం కాదు, టెలిస్కోపు అద్దాల బిగింపు! విచిత్రమేమిటంటే, బర్నార్డ్ నక్షత్రానికి నిజంగానే గ్రహాలున్నాయి. 2024లో ఒకటి, 2025 నాటికి మొత్తం నాలుగు తేలాయి. అన్నీ భూమి కంటే చిన్నవి. కొద్ది రోజుల్లోనే చుట్టు తిరిగి వచ్చేవి. వాన్ డి కాంప్ చెప్పిన గ్రహానికీ వీటికీ ఏ పోలికా లేదు.

చప్పట్లు మోగిన సభ

మూడో దారిలో కావలసిన గడియారాలు పల్సార్లు. పెద్ద నక్షత్రం పేలిపోయాక మిగిలిన గట్టి ముద్ద అది. గిరగిర తిరుగుతూ, చెన్నై మెరీనా లైట్‌హౌస్ దీపంలా రేడియో కిరణాన్ని తిప్పుతుంటుంది. ఆ కిరణం మన వైపు తిరిగినప్పుడల్లా ఒక టిక్కు. పల్సార్ ఊగుతుంటే టిక్కులు కాస్త ముందుగా, కాస్త ఆలస్యంగా వస్తాయి.

1991 జూలైలో ఇంగ్లండులో మాంచెస్టరు దగ్గర ఉన్న జోడ్రెల్ బ్యాంక్ వేధశాల నుంచి ఆండ్రూ లైన్, ఆయన సహచరులు ఒక పల్సార్ చుట్టూ గ్రహం ఉందని ప్రకటించారు. ఆరు నెలలకు ఒక చుట్టు. ప్రపంచమంతా పత్రికల్లో వచ్చింది. అయితే ఆ ఆరు నెలలు అన్న అంకె దగ్గరే చిక్కుంది. అది మన భూమి సంవత్సరంలో సరిగ్గా సగం. ఆకాశంలో ఎక్కడో ఉన్న గ్రహానికి మన పంచాంగంతో పనేమిటి? లైన్ మళ్లీ లెక్కలు విప్పి చూసుకున్నాడు. పల్సార్ ఉన్న చోటు లెక్కలో కొద్దిగా తప్పుగా పడింది. దానివల్ల భూమి తిరుగుడును సరిగా మినహాయించలేదు. భూమి ఊపే అక్కడ గ్రహం వేషం వేసింది.

1992 జనవరిలో అట్లాంటాలో అమెరికన్ ఖగోళ సంఘం సభ జరిగింది. తన గ్రహం గురించి చెప్పడానికి వెళ్లిన లైన్ లేచి, ఆ గ్రహం లేదని, తప్పు ఎక్కడ జరిగిందో వివరంగా చెప్పాడు. సభలో ఉన్న శాస్త్రజ్ఞులు చాలాసేపు చప్పట్లు కొట్టారు. కొత్త గ్రహం కనిపెట్టినవారికి చప్పట్లు పడడం మామూలే. గ్రహం లేదని చెప్పినవారికి పడ్డ చప్పట్లు ఇవి.

ఆయన తరవాత మాట్లాడింది అలెగ్జాండర్ వోల్షాన్. ఆయన కూడా పల్సార్ గ్రహాల సంగతి చెప్పడానికే వచ్చాడు! పోర్టోరికోలోని అరెసిబో రేడియో టెలిస్కోపుతో (2020 డిసెంబరులో కూలిపోయినది ఇదే) సెకనుకు 160 సార్లకు పైగా టిక్కుమనే ఒక పల్సార్‌ను పరిశీలించి, డేల్ ఫ్రెయిల్‌తో కలిసి, దానికి కనీసం రెండు గ్రహాలున్నాయని తేల్చాడు. ఒకటి సుమారు 66 రోజులకు, రెండోది 98 రోజులకు చుట్టి వస్తాయి. ఆ అంకెలకు మన సంవత్సరంతో సంబంధం లేదు. అయినా శాస్త్రజ్ఞులు అంతటితో సరిపెట్టుకోలేదు. నిజంగా రెండు గ్రహాలుంటే అవి ఒకదాన్నొకటి కూడా లాగుకోవాలి, టిక్కుల్లో ఆ గుర్తు కూడా రావాలి అన్నారు. 1994లో ఆ గుర్తు కూడా దొరికింది. సూర్యుడికి ఆవల మొదట ఖాయమైన గ్రహాలు ఇవి. ఒక అనుమానాన్ని ఇంకొక అనుమానంతో సరిచూసుకున్నాకే ఖాయమయ్యాయి.

రైలు కూత, గుంటూరు గ్రహణం

పల్సార్లు చచ్చిపోయిన నక్షత్రాలు. సూర్యుడి లాంటి మామూలు నక్షత్రాల సంగతి? అక్కడ పనిచేసింది రెండో దారి.

రైల్వే గేటు దగ్గర నిలబడ్డప్పుడు గమనించండి. రైలు మన వైపు వస్తుంటే కూత కీచుగా, దాటి పోతుంటే బొంగురుగా వినిపిస్తుంది. కాంతికీ ఇదే లక్షణం ఉంది. దగ్గరకు వచ్చే నక్షత్రం వెలుగు కొద్దిగా నీలం వైపు, దూరమయ్యే నక్షత్రం వెలుగు ఎరుపు వైపు జరుగుతుంది. ఆ జరుగుడు కొలవాలంటే గుర్తు ఏదైనా ఉండాలి కదా? నక్షత్రం వెలుగును పట్టకంతో విడదీస్తే ఇంద్రధనుస్సులా వర్ణపటం వస్తుంది. అందులో సన్నని నల్లగీతలు ఉంటాయి. ఒక్కొక్క మూలకానికి దాని గీతలు దానివే. ఈ గీతలు చదివే విద్యకు మన ఊళ్లతో పాత చుట్టరికం ఉంది. 1868 ఆగస్టు 18న వచ్చిన సంపూర్ణ సూర్యగ్రహణాన్ని వర్ణపటంతో పరిశీలించడానికి ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్సెన్ గుంటూరు వచ్చాడు. మద్రాసు వేధశాల అధిపతి పాగ్సన్ మచిలీపట్నం వెళ్లాడు. అదే వేధశాలలో పనిచేసిన చింతామణి రఘునాథాచారి గారు వనపర్తి నుంచి గ్రహణాన్ని పరిశీలించారు. ఆ రోజు పరిశీలకులకు కనిపించిన ఒక పసుపు గీతే తరవాత హీలియం జాడగా తేలింది.

నక్షత్రం ఊగితే ఈ గీతలు వర్ణపటంలో ఒకసారి ఇటు, ఒకసారి అటు జరుగుతాయి. జెనీవాకు చెందిన మిషెల్ మేయర్, ఆయన దగ్గర పరిశోధన చేస్తున్న విద్యార్థి డిడియె కెలో దక్షిణ ఫ్రాన్సులోని ఓత్ ప్రొవాన్స్ వేధశాలలో ఈ పని చేస్తున్నారు. 51 పెగాసి అనే నక్షత్రం గీతలు నాలుగు రోజులకు ఒకసారి జరుగుతున్నట్టు కెలో చూశాడు. మొదట పరికరమే పాడయిందనుకున్నాడు. గురుడంతటి గ్రహమైతే పన్నెండేళ్లు పట్టాలి గాని నాలుగు రోజులేమిటి? ఇద్దరూ తొందరపడలేదు. ఆ నక్షత్రం సూర్యుడి వెలుగు చాటుకు వెళ్లి, 1995 జూలైలో మళ్లీ కనిపించేదాకా ఆగారు. ఈలోగా లెక్క వేసి, ఫలానా రాత్రి గీతలు ఫలానా చోట ఉండాలని రాసిపెట్టుకున్నారు. గీతలు అక్కడే ఉన్నాయి.

1995 అక్టోబరు 6న ఇటలీలోని ఫ్లారెన్సులో ఈ సంగతి ప్రకటించారు. గురుడిలో సగం బరువైనా ఉండే గ్రహం, 4.2 రోజులకు ఒక చుట్టు. నక్షత్రానికి దాని దూరం సుమారు 75 లక్షల కిలోమీటర్లే. మన బుధుడే సూర్యుడికి సగటున 5 కోట్ల 80 లక్షల కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు. వారం పది రోజుల్లోనే కాలిఫోర్నియాలో జెఫ్రీ మార్సీ, పాల్ బట్లర్ తమ టెలిస్కోపుతో చూసి, నిజమేనన్నారు. మేయర్‌కూ కెలోకూ 2019లో నోబెల్ బహుమతి వచ్చింది.

అయినా అనుమానం పూర్తిగా పోలేదు. గ్రహమేమీ లేదు, నక్షత్రమే ఊపిరి తీసినట్టు పొంగుతూ కుంగుతూ ఉండవచ్చు, అందుకే గీతలు జరుగుతున్నాయి అన్నవారున్నారు. సాక్షి ఒక్కడే అయితే ఇదే చిక్కు. వేరే దారిన వచ్చిన రెండో సాక్షి కావాలి.

విశాఖలో చూసిన నల్లచుక్క

1874 డిసెంబరు 9న శుక్రుడు సూర్యబింబానికి అడ్డంగా నల్లచుక్కలా దాటాడు. అప్పుడు విశాఖపట్నంలో ఒక సొంత వేధశాల ఉండేది. గొడే వెంకట జగ్గారావు గారు 1840 ప్రాంతంలో స్థాపించారు. ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు గారు అక్కడి నుంచి ఈ వింతను పరిశీలించి వివరాలు లండనుకు రాశారు. దాని గురించి జనానికి తెలియజెప్పడానికి రఘునాథాచారి గారు మద్రాసులో చిన్న పుస్తకమే వేశారు.

రెండో సాక్షి ఈ నల్లచుక్కే. దూరపు నక్షత్రం బింబం మనకు కనబడదు, చుక్కగానే ఉంటుంది. కనుక దాని మీద నడిచే గ్రహం కూడా కనబడదు. కాని గ్రహం అడ్డొచ్చినంతసేపు నక్షత్రం వెలుగు రవ్వంత తగ్గుతుంది. పెట్రోమాక్స్ దీపం ముందు నుంచి దోమ పోయినట్టు. గురుడంతటిది అడ్డొస్తే నూటిలో ఒక వంతు తగ్గుతుంది. భూమి అంతటిదైతే పన్నెండు వేల వంతుల్లో ఒక్క వంతు.

వెలుగు తగ్గడాన్ని బట్టి కనబడనిదాన్ని పట్టుకోవడం మనవారికి కొత్త కాదు. 1977 మార్చి 10న యురేనస్ గ్రహం ఒక నక్షత్రానికి అడ్డం వచ్చినప్పుడు, తమిళనాడులోని కావలూరు వేధశాలలో ఉన్నవారు నక్షత్రం వెలుగు ముందుగానే తగ్గడాన్ని నమోదు చేశారు. యురేనస్ చుట్టూ వలయాలున్నాయని ప్రపంచానికి తెలిసిన రాత్రి అది.

ఇక 1999 సెప్టెంబరు. హెచ్‌డి 209458 అనే నక్షత్రం మూడున్నర రోజులకు ఒకసారి ఊగుతోందని అప్పటికే గీతలు చెప్పాయి. గ్రహం నిజంగా ఉండి, దాని దారి మన చూపుకు అడ్డంగా ఉంటే, ఫలానా వేళకు వెలుగు తగ్గాలి. డేవిడ్ షార్బనో అనే యువకుడు కొలరాడోలో నాలుగంగుళాల చిన్న టెలిస్కోపుతో చూశాడు. చెప్పిన వేళకే వెలుగు నూటికి ఒకటిన్నర వంతు తగ్గింది. గ్రెగ్ హెన్రీ అనే మరో శాస్త్రజ్ఞుడు కూడా వేరుగా అదే చూశాడు. పొంగి కుంగే నక్షత్రం ఇలా వేళకు వచ్చే నీడను వేయలేదు. వాదం ముగిసింది.

ఇద్దరు సాక్షులూ కలిస్తే ఇంకో లాభముంది. ఊపు బరువు చెబుతుంది, నీడ పరిమాణం చెబుతుంది. రెండూ తెలిస్తే అది రాయో, వాయువో, నీరో ఊహించవచ్చు. హెచ్‌డి 209458 గ్రహం గురుడి కంటే తేలికైనది, కాని గురుడి కంటే లావు. అంత పెద్ద గంగాళం దొరికితే నీళ్లలో తేలుతుంది!

నీడ పద్ధతికి ఒక పెద్ద లోపం ఉంది. గ్రహం దారి సరిగ్గా మన చూపుకు అడ్డంగా ఉండాలి. దూరాన ఎవరైనా ఉండి మన భూమిని ఇలా వెతికితే, వారిలో 200 మందికి ఒక్కరికే మన నీడ కనబడుతుంది. అందుకే అమెరికా వారు 2009లో పంపిన కెప్లర్ టెలిస్కోపు ఒకటిన్నర లక్షల నక్షత్రాలను రెప్ప వేయకుండా చూసింది. 2018లో ఇంధనం అయిపోయి విరమించేనాటికి 2,600కు పైగా గ్రహాలను పట్టి ఇచ్చింది. ఇక్కడా మంచును పొగ అనుకునే ప్రమాదం ఉంది. వెనక ఎక్కడో రెండు నక్షత్రాలు ఒకదాన్నొకటి మరుగుపరుస్తున్నా ఇలాగే వెలుగు తగ్గుతుంది. అందుకే నీడ దొరకగానే దాన్ని గ్రహం అనరు. అభ్యర్థి అంటారు. పరీక్ష తప్పిన అభ్యర్థులు చాలామంది ఉన్నారు.

ఈ పరీక్షల్లో మన దేశం పాలు ఉంది. కెప్లర్ చూసిన ఒక నీడను, రాజస్థాన్‌లోని మౌంట్ ఆబూ మీద అహమ్మదాబాదు ఫిజికల్ రిసెర్చ్ లేబొరేటరీ వారు పారస్ అనే పరికరంతో తూచి, 2018లో గ్రహమేనని ఖాయం చేశారు. సుమారు 600 కాంతి సంవత్సరాల దూరం, 27 భూముల బరువు, పందొమ్మిదిన్నర రోజులకు ఒక చుట్టు. 2016లో ట్రాపిస్ట్-1 అనే చిన్న ఎర్ర నక్షత్రం చుట్టూ భూమి అంతటి గ్రహాలను మొదట ప్రకటించినప్పుడు, వాటి నీడలను కొలిచిన టెలిస్కోపుల్లో లడఖ్‌లోని హన్లే టెలిస్కోపు ఒకటి. దాన్ని నడిపేది బెంగుళూరు దగ్గరి హొసకోటె నుంచి, మద్రాసు వేధశాల వారసులే. జేకబ్ వ్యాసం రాసిన 161 ఏళ్లకు, ఆయన కూర్చున్న సంస్థ తరం వారికి నిజమైన గ్రహాలు దొరికాయి.

మరో రెండు దారులు

ఇంకో రెండు పద్ధతులు క్లుప్తంగా చెబుతాను. ఒక నక్షత్రం సరిగ్గా ఇంకో దూరపు నక్షత్రం ముందుకు వస్తే, ముందున్నదాని ఆకర్షణ వెనకదాని వెలుగును భూతద్దంలా పోగుచేస్తుంది. వెనక నక్షత్రం కొన్ని రోజులు ప్రకాశిస్తుంది. ముందున్న నక్షత్రానికి గ్రహం ఉంటే ఆ ప్రకాశంలో అదనంగా ఒక మెరుపు వస్తుంది. చాలా దూరపు గ్రహాలు కూడా ఇలా దొరుకుతాయి. చిక్కల్లా ఒక్కటే, అది మళ్లీ జరగదు. అందుకే పలు దేశాల టెలిస్కోపులు ఒకేసారి కాపలా కాస్తాయి.

చివరిది ప్రత్యక్షం. ఎండలో దూరాన వచ్చే మనిషిని చూడాలంటే సూర్యుడికి అరచేయి అడ్డం పెట్టుకుంటాం. టెలిస్కోపులో కూడా నక్షత్రానికి చిన్న బిళ్ల అడ్డం పెడితే పక్కనున్న గ్రహం బయటపడవచ్చు. గ్రహం పెద్దదై, ఇంకా చల్లారని పడుచు వయసుదై, నక్షత్రానికి దూరంగా ఉంటేనే సాధ్యం. 2008 నవంబరులో హెచ్ఆర్ 8799 అనే నక్షత్రం చుట్టూ మూడు గ్రహాల ఫొటోలు ప్రకటించారు. 2010లో నాలుగోది తేలింది. ఏళ్ల తరబడి తీసిన ఫొటోలు వరసగా పేర్చితే అవి తిరుగుతుండడం కళ్లారా చూడవచ్చు.

అనుమానం ఇంకా అవసరమే

ఇప్పుడు ప్రశ్న మరో మెట్టు ఎక్కింది. ఆ గ్రహాల మీద ప్రాణం ఉందా? 2025 ఏప్రిల్‌లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయానికి చెందిన నిక్కు మధుసూదన్ బృందం కె2-18బి అనే గ్రహం గాలిలో, మన సముద్రాల్లో సూక్ష్మజీవులు విడిచే ఒక వాయువు జాడ కనిపించిందని చెప్పింది. పత్రికలు పతాక శీర్షికలు పెట్టాయి. తాము చూసింది కాకతాళీయం అయ్యే అవకాశం వెయ్యింటికి మూడు వంతులు ఉందని, ఇంకా పరిశీలించాలని ఆ బృందమే చెప్పింది. ఇతర బృందాలు అవే కొలతలను తీసుకుని చూసి, సాక్ష్యం చాలదన్నాయి. ఇది తగవు కాదు. 1855 నుంచి నేర్చుకున్న పాఠం. అంత పెద్ద మాట నమ్మాలంటే అంత గట్టి సాక్ష్యం ఉండాలి. ఇటువంటి వార్త ఇకముందు కూడా తరచు వస్తుంది. వచ్చినప్పుడు మనం అడగవలసినవి మూడే ప్రశ్నలు. ఇది మళ్లీ కనిపించిందా? వేరేవారు చూశారా? వేరే దారిన చూసినా అదే తేలిందా?

మన దేశం పేరు పెట్టిన గ్రహం కూడా ఒకటుంది. 2019లో అంతర్జాతీయ ఖగోళ సంఘం ప్రతి దేశానికీ ఒక నక్షత్రానికీ దాని గ్రహానికీ పేరు పెట్టే అవకాశం ఇచ్చింది. మన భాగానికి వచ్చిన నక్షత్రానికి భౌతిక శాస్త్రవేత్త విభా చౌధురి పేరిట విభ అని, గ్రహానికి సంతమస అని పెట్టారు. విభ అంటే వెలుగు. సంతమసం అంటే చీకటి అని తెలుగు పద్యాలు చదివిన పెద్దలకు వేరే చెప్పనక్కరలేదు. వెలుగు ఊపును చూసి చీకటిని కనిపెట్టిన కథకు ఇంతకంటే తగిన జంట పేర్లు దొరకవు.

కార్తీకమాసంలో ఆకాశదీపం ఎత్తాక, పిల్లల్ని తీసుకుని మేడ మీదకు వెళ్లండి. రాత్రి ఎనిమిది గంటల ప్రాంతంలో దాదాపు నడినెత్తిన నాలుగు నక్షత్రాల పెద్ద చతురస్రం కనిపిస్తుంది. పడమటి వైపున్న రెండూ పూర్వాభాద్ర, తూర్పు వైపున్న రెండూ ఉత్తరాభాద్ర. పూర్వాభాద్ర నక్షత్రాలు రెండింటినీ కలుపుతూ మనసులో ఒక గీత గీయండి. ఆ గీతకు సుమారు మధ్యలో, కొంచెం పడమటగా ఉన్నది 51 పెగాసి. తూర్పున గీతను ఆనుకున్నట్టే ఉన్నది హెచ్ఆర్ 8799. ఊరి దీపాల వెలుగులో ఇవి కనబడవు. పల్లెలో, చీకటి రాత్రి, మంచి చూపున్నవారికి లీలగా ఆనవచ్చు. గీతకు ఇటుపక్క దాన్ని అనుమానంతో తెలుసుకున్నాం. అటుపక్క దాన్ని ప్రత్యక్షంగా చూశాం. "ఎవరు చూశారు?" అని అడిగిన పిల్లలకు ఆ రెండింటి మధ్య వేలు పెట్టి చూపించండి.